వీధిబడి లెక్కలూ, మన పిల్లల లెక్కలూ

"మా తాతలు నోటితోనే వడ్డీ లెక్కలు తేల్చేసేవారు, ఇప్పటి పిల్లలకి కాలిక్యులేటర్ లేనిదే కూడిక రాదు." ఈ మాట మీ ఇంట్లోనూ వినే ఉంటారు. అందులో సగమే నిజమండీ. ఆ తాతలు ఎలా నేర్చుకున్నారో తెలిస్తే, మన పిల్లల ట్యూషన్‌లో ఏం ఉంచుకోవాలో, ఏం చేర్చాలో కూడా తెలుస్తుంది.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాల్లో బడులెన్ని, పిల్లలెందరు, ఏం చదువుతున్నారు అని కలెక్టర్లందరినీ అడిగాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో జవాబు రాశాడు. తెలుగు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ ఈయనే. ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా అప్పుడు ఆ జిల్లాలోదే. తొమ్మిది లక్షలు దాటిన జనాభాకి 533 బడులు, 6,641 మంది పిల్లలు. వాళ్లలో ఆడపిల్లలు 60 మంది! కాబట్టి నోటిలెక్కలు వచ్చిన తాతలు మన అందరి తాతలూ కారు. అమ్మమ్మల సంగతి చెప్పనే అక్కర్లేదు.

బడి పొద్దున్నే ఆరింటికి మొదలయ్యేది. ముందుగా వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోయేవి. అక్షరాలూ అంకెలూ ఇసుకలో వేలితో దిద్దేవారు. రోజుకి రెండుసార్లు పిల్లలంతా వరుసగా నిలబడి, ఒక పెద్ద పిల్లవాడు చెబుతుంటే ఎక్కాలు, కొలతలు, తూనికలు, భిన్నాలు వల్లించేవారు. భిన్నాలు పదుల్లో కాదు, నాలుగుల్లో దిగేవి. పావు, పావులో పావు వీసం, వీసంలో పావు కాని. అంటే 1/4, 1/16, 1/64. ఆ పిల్లలకి వీసం అంటే పుస్తకంలో అంకె కాదు, ఇంట్లోనూ సంతలోనూ రోజూ చెవిన పడే మాట.

పెద్దపిల్లలు చిన్నవాళ్లకి చెప్పే ఆ పద్ధతిని, మద్రాసులో పనిచేసిన ఆండ్రూ బెల్ ఇంగ్లండుకి తీసుకెళ్లాడు. అక్కడ దాన్ని 'మద్రాసు పద్ధతి' అన్నారు. క్యాంప్‌బెల్ కూడా దాన్ని మెచ్చుకున్నాడు. కానీ పిల్లలు పద్యాలకి అర్థం తెలియకుండా చిలకల్లా వల్లిస్తున్నారని అదే నివేదికలో వాపోయాడు. మనం పేరెంట్స్ మీటింగుల్లో అనుకునే మాటే కదూ!

మరి ఆలోచింపజేసే లెక్క మనకి లేదా? బీఏలో తెలుగు సాహిత్య చరిత్ర చదివినవాళ్లకి పావులూరి మల్లన పేరు గుర్తుంటుంది. 850 ప్రాంతంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు. నన్నయ కాలంవాడని కొందరు, తర్వాతివాడని కొందరు అంటారు. మూలంలో జైన సంప్రదాయపు ఉదాహరణలున్న చోట ఆయన శివుణ్ణి తీసుకొచ్చాడు. లెక్క మారలేదు, కథ మాత్రం వినేవాళ్ల ఇంటిది అయింది. ఏ ట్యూషన్ టీచరైనా నేర్చుకోవలసిన కిటుకు ఇదేనని నాకనిపిస్తుంది.

సాయంత్రాలు నా దగ్గరికి నాలుగో, ఐదో తరగతి పిల్లలు కొందరు వస్తారు. ఎక్కాలు గడగడా చెబుతారు. కానీ ఈ లెక్క ఇవ్వండి: "రాము తన గోలీల్లో 8 తమ్ముడికి ఇచ్చాక 15 మిగిలాయి. మొదట ఎన్ని ఉండేవి?" 'మిగిలాయి' అన్న మాట కనపడగానే 15లోంచి 8 తీసేసి 7 అని రాసేస్తారు. 'మొత్తం' అంటే కూడిక, 'మిగిలితే' తీసివేత అని ఎవరో నేర్పిన చిట్కా చేసే పని అది. ఇలా రెండు మూడుసార్లు తప్పాక "నీకు లెక్కలు రావు" అన్న ముద్ర పడిపోతుంది. ఆడపిల్లయితే "పోనీలే, లెక్కలెందుకు దానికి" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ 60 మంది నుంచి ఇంత దూరం వచ్చాక ఆ మాట అనకూడదు కదండీ.

అందుకే ముందు అంకెలు లేకుండా కథ చెప్పమంటాను. తర్వాత బొమ్మ గీయమంటాను. 7 రాసిన పిల్ల చేత, "సరే, 7 గోలీలతో మొదలుపెట్టు, తమ్ముడికి 8 ఇవ్వు" అంటే తనే నవ్వేసి 23కి వస్తుంది. వచ్చినవాళ్లు రానివాళ్లకి చెప్పాలి, వీధిబడిలోలాగే. ఎక్కాలూ మానిపించను. ఏడెనిమిదులు ఎంతో వెతుక్కునే పిల్లకి కథ గురించి ఆలోచించే తీరిక ఉండదు.

సెలవు రోజున మీ ఇంట్లో మహావీరాచార్యుడి లెక్క ఒకటి వేసి చూడండి. ముగ్గురు వర్తకులకి దారిలో డబ్బు సంచి దొరికింది. "ఇది నాకిస్తే మీ ఇద్దరి సొమ్ముకి రెండింతలవాణ్ణవుతాను" అన్నాడు మొదటివాడు. "నేను మూడింతలు" అన్నాడు రెండోవాడు. "నేను ఐదింతలు" అన్నాడు మూడోవాడు. వాళ్ల దగ్గర 1, 3, 5, సంచిలో 15 ఉంటే సరిపోతుంది. ఐదో తరగతి పిల్లలకి జవాబు ముందే చెప్పేసి, సరిపోయిందో లేదో చూడమనండి. పెద్దవాళ్లని మాత్రం కాగితం పెన్సిలు ఇచ్చి కూర్చోబెట్టండి.