వాకిలి లేని ముగ్గు

మా అమ్మ దగ్గర ఒక డైరీ ఉంది. 1986 సంవత్సరానిది. నాన్న పనిచేసిన ఫ్యాక్టరీలో కొత్త సంవత్సరానికి పంచిపెట్టిన డైరీ. నాన్నకి రాసుకునే అలవాటు లేదు కాబట్టి పాల లెక్క కోసం అమ్మ తీసుకుంది. మొదటి నాలుగు పేజీల్లో పాల లెక్కే ఉంటుంది. ఐదో పేజీ నుంచి ముగ్గులు.

స్త్రీల ఆత్మకథల మీద ఆరేళ్లు పనిచేసి డాక్టరేట్ తీసుకున్నాను. బీరువాలో చీరల అడుగున ఉన్న ఈ డైరీ కూడా ఆత్మకథేనేమో అన్న అనుమానం ఆ ఆరేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. మా ఆధారాలన్నీ అక్షరాలే. అక్షరం లేనిచోట చరిత్ర లేదని మేం పైకి అనం కానీ, పని మాత్రం అలాగే చేస్తాం. స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలతో మాట్లాడి ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది 1986లో. అమ్మ డైరీ మీదున్న సంవత్సరమే అది. చెప్పిన మాట కూడా చరిత్రకు ఆధారమేనని ఆ పుస్తకం మా తరానికి నేర్పింది. గీసిన గీత సంగతేమిటని నేను ఎవర్నీ అడగలేదు.

అమ్మది సదాశివపేట వైపు పల్లె. పెళ్లయ్యాక 1984లో పటాన్‌చెరు వచ్చింది. అప్పటికే ఆ రోడ్డు పొడవునా ఊళ్లు వేరే రూపం తీసుకుంటున్నాయి. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. 1960లలోనే వచ్చింది. 1972లో ఇక్రిశాట్, 1970ల నడుమ నుంచి పటాన్‌చెరు పారిశ్రామికవాడ, ఆ వెనక బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి, గడ్డపోతారం. 1980లో మెదక్ నుంచి ఇందిరాగాంధీ లోక్‌సభకు గెలిచాక జిల్లా పేరు దేశమంతా వినబడింది. ఈ చరిత్రంతా ఎకరాల్లో, ఫ్యాక్టరీల సంఖ్యలో, ఉద్యోగాల్లో రాసి ఉంది. 1990లో సుప్రీంకోర్టుకు చేరిన కాలుష్యం కేసు వల్ల నక్కవాగు నీళ్లు, పాడైన పొలాలు కూడా కాగితం మీదికెక్కాయి. పోయిన వాకిళ్ల లెక్క మాత్రం ఎందులోనూ లేదు.

పల్లెలో అమ్మకి వాకిలి ఉండేది. తెల్లారకముందే ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గు వేసేది. పటాన్‌చెరులో దొరికింది వరస గదుల్లో ఒక గది. ఎనిమిది కుటుంబాలకి ఒకే గేటు, గేటు ముందున్న నేల ఇంటివాళ్లది.

“ఓనరమ్మ కోడలేసేది. మనకేడిది వాకిలి? గడప మీద రెండు గీతలు గీస్తే అయిపాయె,” అంటుంది అమ్మ.

నాన్నకి నైట్ షిఫ్టు పడిన వారాల్లో డైరీ బయటికొచ్చేదట. రాత్రిపూట గాలిలో ఘాటు వాసన పెరిగేది, కిటికీ మూసుకుని కూర్చునేది. నిద్ర పట్టేది కాదు. వాకిట్లో వెయ్యాల్సిన ముగ్గు డైరీలో వేసుకునేది.

ముగ్గుని నేను ఆకాశానికెత్తడం లేదు. అది చాకిరీ. ఇల్లాలి మంచితనానికి రోజూ పెట్టే పరీక్ష. భర్త పోయినావిడ వెయ్యకూడదన్న ఊళ్లున్నాయి. ఏ వాకిలి ఎవరు ఊడవాలి, ఏ వాకిట్లో ఎవరు అడుగుపెట్టాలి అన్నది కులం నిర్ణయించింది. సంక్రాంతి ముగ్గుల పోటీలో బహుమతిగా ప్రెషర్ కుక్కర్ ఇవ్వడం చూస్తే నాకు ఇప్పటికీ నవ్వూ కోపమూ కలిసి వస్తాయి. ఇవన్నీ తెలిసే చెబుతున్నాను: అమ్మ గీసిన డైరీకి ఈ నియమాలేవీ అంటలేదు. నెలలో ఆ మూడు రోజులు వాకిట్లో ముగ్గు ముట్టుకోవద్దని మా నానమ్మ అనేది. డైరీ సంగతి నానమ్మకి తెలియదు. కొన్ని పేజీలు ఆ రోజుల్లోనే వేశానని అమ్మ మొన్న చెప్పింది, కొంచెం గర్వంగానే.

డైరీని చదవడం కష్టం. పేజీ మీద అచ్చయిన తారీకుకీ, గీసిన రోజుకీ సంబంధం లేదు. అమ్మ ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ గీసింది. చరిత్రకారులు వాడే ఉపాయమే నేనూ వాడాను, రంగుని బట్టి కాలం పట్టుకున్నాను. నీలం బాల్‌పెన్ను మొదటి కాలం. ఎర్ర పెన్సిల్ నాన్న ఫ్యాక్టరీ నుంచి తెచ్చినది. స్కెచ్ పెన్నులు నేను బడికి పోవడం మొదలుపెట్టాక, అంటే 1994 తర్వాత వచ్చాయి. నా ఆకుపచ్చ స్కెచ్ పెన్ను అంత తొందరగా ఎందుకు అయిపోయేదో ముప్పై ఏళ్లకి తెలిసింది.

మొదటి పేజీల్లో అన్నీ నేర్చుకున్న ముగ్గులే. పక్కన అమ్మ చేతిరాతలో లెక్క: 15 చుక్కలు, 8 దాకా, సందు చుక్క. నడుమ వరసలో పదిహేను, పైకీ కిందికీ ఒక్కో చుక్క తగ్గుతూ ఎనిమిది దగ్గర ఆగాలి. ఈ ఒక్క ముక్కతో ముగ్గంతా మళ్లీ కట్టుకోవచ్చు. మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి, కమలా కృతివాసన్ తమిళ కోలాలకి గణితంలో ఒక వ్యాకరణం ఉందని చూపించి 1974లో పరిశోధనా పత్రం వేశారు. కంప్యూటర్ శాస్త్రానికి పనికొచ్చిన ఆ వ్యాకరణం పక్కనే ఉన్న సాహిత్య శాఖల కంట పడలేదు. మాది వ్యాకరణం చెప్పుకుని బతికే శాస్త్రం మరి!

ఎర్ర పెన్సిల్ కాలానికి వచ్చేసరికి చుక్కలుంటాయి గానీ గీతలు వాటి మాట వినవు. మెలిక తిరగాల్సిన గీత నిటారుగా పైకి పోయి చిమ్నీ అవుతుంది. సందు చుక్కల చుట్టూ బిందెలు వస్తాయి. మంచినీళ్ల ట్యాంకర్ ముందు వరసలో పెట్టిన బిందెలు అవి. ఒక పేజీలో చుక్కలన్నీ పెట్టి ఒక్క గీతా గీయలేదు. ఎందుకని అడిగితే “గప్పుడు చాతగాలే” అంది, ఇంకేం చెప్పలేదు.

ఇంగ్లండులో మారియన్ మిల్నర్ అనే మనోవిశ్లేషకురాలు 1950లో ఒక పుస్తకం వేసింది, మొదట మారుపేరుతో. ‘ఆన్ నాట్ బీయింగ్ ఏబుల్ టు పెయింట్’ దాని పేరు. ముందస్తు ఆలోచన లేకుండా చేతిని దాని దారిన పోనిచ్చి, వచ్చిన బొమ్మల్ని తర్వాత తనే చదువుకుంది. ఎండ కాస్తున్న ప్రశాంతమైన కొండవాలు గీద్దామని కూర్చుంటే కాగితం మీద మంటలొచ్చాయి. తను మంచి మనిషినని నమ్ముతూ దాచుకున్న కోపం ఆమెకి అక్కడ కనబడింది. ఆ పుస్తకం చదివాకే నేనూ ఒక స్కెచ్‌బుక్ కొనుక్కున్నాను, సిద్ధాంత గ్రంథం మూడో అధ్యాయం ముందుకు కదలని రోజుల్లో. ఎవరికీ చూపించను. మొదట్లో అన్నీ తలుపులే వచ్చేవి. ఇలాంటి పని నేర్చుకోవడానికి లండన్ దాకా పోయానే అని ఇప్పుడు సిగ్గుగా ఉంది. మా బీరువాకి తాళం కూడా ఉండదు.

కాగితం ఎవరిచ్చారన్నది కూడా ముఖ్యమే. 1966-67 బీహార్ కరువులో అఖిల భారత హస్తకళల బోర్డు తరఫున భాస్కర్ కులకర్ణి మిథిలకు వెళ్లి, గోడల మీద బొమ్మలేసే ఆడవాళ్లకి కాగితాలిచ్చాడు. కూలి దొరికింది, పేరొచ్చింది, మధుబని కళ పుట్టింది. వాళ్లలో గంగాదేవి చాలా దూరం వెళ్లింది. 1980లలో ఢిల్లీలో క్యాన్సర్ చికిత్స తీసుకుంటూ ఆ ఆస్పత్రి అనుభవాన్నే బొమ్మలుగా వేసింది. 1991లో చనిపోయింది. పెళ్లి గదుల గోడలకు నేర్చిన గీతతో తన జబ్బుని చెప్పుకోగలిగింది. అయితే ఆ కాగితం వెంట కొనేవాళ్ల కన్ను కూడా వచ్చింది. మా అమ్మకి కాగితం ఎవరూ ఇవ్వలేదు. పాల లెక్కకని తీసుకున్న డైరీని తనే తనకి ఇచ్చుకుంది.

మన జిల్లాకి గొప్ప చిత్రకారుడు లేడా అంటే ఉన్నాడు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్. బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివి, తన ఊరి ఆడవాళ్లని, మేకల్ని, చెట్లని, కోరికని సన్నటి గీతల్లో దేశం ముందు పెట్టాడు. ఆ గీత బలాన్ని కాదనలేను. ఆ ఆడవాళ్లు మా మేనత్తల్లాగే నిలబడతారు. కానీ వాళ్లని చూస్తున్నది ఎవరు అన్న ప్రశ్న నన్ను వదలదు. అదే ఎర్రమట్టిలో పుట్టిన ఆడమనిషి తన కంటితో ఏం చూసిందో తెలియాలంటే గ్యాలరీకి పోతే సరిపోదు, బీరువాలు తెరవమని అడగాలి.

అడిగాను. పాశమైలారంలో మాత్రలు ప్యాకింగ్ చేసే ఒకామె కూతురి డ్రాయింగ్ పుస్తకంలో వెనక పేజీలు తనవని చెప్పి, చూపించకుండా నవ్వేసింది. సంగారెడ్డిలో బీడీలు చుట్టే ఒకావిడ దగ్గర మెహందీ డిజైన్ల నోటుబుక్కు ఉంది. చేతి ఆకారం గీసుకుని అందులో నింపినవి. సగం తర్వాత చేతులు మాయమై ఉత్త తీగలే పాకుతాయి. “పనికొచ్చేటివి ముందటియి, నాకోసం ఎనకటియి,” అంది.

ఈ వ్యాసంతో పాటు డైరీలోంచి రెండు పేజీలు అచ్చువేయాలనుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

“అందరు చూడాల్నని ఏసిన్నానే నేను? చూస్తరని తెలిస్తే పద్మం ముగ్గే ఏస్తుంటి.”

స్త్రీల చరిత్రను వెలికితీయడం మా వృత్తి. వెలికి రావడం ఇష్టం లేని ఆడమనిషి ముందు ఆ వృత్తి ఎలా నిలబడాలో నాకు ఏ సెమినార్‌లోనూ చెప్పలేదు. ఇక్కడ రాసినవన్నీ అమ్మ సరేనన్న పేజీలు. వద్దన్నవి మూడున్నాయి. వాటిలో ఒకటి మా తమ్ముడు పుట్టకముందు సంగతి.

డైరీ చివర పదకొండు పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఇప్పుడు మాకు బీరంగూడలో సొంతిల్లుంది, గేటు ముందు సిమెంటు రోడ్డుంది, అమ్మ మోకాళ్లు వంగవు. పండక్కి గడప ముందు స్టిక్కరు ముగ్గు అంటిస్తాం. ఆ పదకొండూ ఎప్పుడు నింపుతావంటే, ముందు కంటి ఆపరేషన్ కానీయమంది. డైరీని ఎక్కడ తీశానో అక్కడే, ఆకుపచ్చ పట్టుచీర కింద పెట్టమంది.