కత్తిరించిన వానపాము

ప్యాకెట్‌లో ఐదంగుళాల ప్లాస్టిక్ పురుగులు. కొన్నవాడు ప్యాకెట్ చించాడు, కత్తెర తీశాడు, ఒక్కొక్కదాన్నీ నడిమికి కత్తిరించాడు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో నెడ్ కేడీ అనే చేపల వేట రచయిత, ఆయనతో పాటు గాలం వేసే కొద్దిమంది మిత్రులు ఏళ్ల తరబడి చేసిన పని ఇదే. రెండున్నర అంగుళాల ఆ మొండేన్ని చిన్న సీసం తల ఉన్న ముల్లుకు గుచ్చి చెరువు అడుగున మెల్లగా ఈడ్చేవారు. చూడ్డానికి అదేమంత ఆకర్షణీయమైన ఎర కాదు. సిగరెట్ పీకలా ఉంటుంది. కానీ బాస్ చేపలు దాన్ని వదల్లేదు. ఈ పద్ధతికి కేడీ పేరుమీదుగానే ‘నెడ్ రిగ్’ అన్న పేరు స్థిరపడింది. చివరికి ఆ పురుగులు తయారుచేసే కంపెనీయే దిగివచ్చి, కత్తెరతో పనిలేకుండా ముందే పొట్టిగా పోతపోసిన పురుగుల్ని అమ్మకానికి పెట్టింది.

మెత్తటి ప్లాస్టిక్ ఎరల చరిత్రలో ఈ వరస మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఫ్యాక్టరీ ఒక వస్తువు చేస్తుంది. ఒడ్డున కూర్చున్నవాడు దాన్ని కోస్తాడు, కాలుస్తాడు, మేకు దిగ్గొడతాడు, రంగులో ముంచుతాడు. నాలుగేళ్లకు ఆ అవకతవక వస్తువే కొత్త మోడల్‌గా, కొత్త ధరతో దుకాణంలోకి వస్తుంది.

ఈ కథకు పుట్టిల్లు ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్. గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్, గుడ్‌రిచ్ వంటి టైర్ల కంపెనీలన్నీ అక్కడే ఉండేవి కాబట్టి దాన్ని రబ్బరు రాజధాని అనేవారు. 1926లో గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సీమన్ అనే రసాయన శాస్త్రవేత్త రబ్బరును లోహానికి అతికించే జిగురు కోసం వెతుకుతున్నాడు. అప్పటికి ఎందుకూ కొరగానిదిగా పేరుబడ్డ పాలీవినైల్ క్లోరైడ్‌ను, అంటే ఇవాళ మన ఇళ్లల్లో నీళ్ల గొట్టాలకు వాడే పీవీసీనే, మరిగే ఉష్ణోగ్రత బాగా ఎక్కువున్న ఒక ద్రావణిలో వేడిచేశాడు. జిగురు రాలేదు. సాగే గుణమున్న, జెల్లీలాంటి ముద్ద వచ్చింది. రెయిన్‌కోట్లు, స్నానాల గది తెరలు, కరెంటు తీగల తొడుగులు అన్నీ ఆ ముద్ద సంతానమే. రబ్బరు పురుగు కూడా.

నిజానికి రబ్బరుతో వానపాము చేయాలన్న ఆలోచన అంతకంటే పాతది. 19వ శతాబ్దంలోనే అలాంటివి చేశారు. కానీ అవి బిరుసుగా ఉండేవి. నీళ్లలో పడ్డాక ప్రాణమున్నదానిలా మెలికలు తిరిగేవి కావు. ఆ లోటు తీర్చినవాడు ఆక్రన్‌లోనే యంత్రాల మీద పనిచేసే నిక్ క్రీమ్. 1949లో ఆయన, భార్య కోస్మా కలిసి వంటింటి పొయ్యి మీద వినైల్, నూనెలు, రంగులు కలిపి కాచారు. 1951 నాటికి వాళ్ల పురుగులు పోస్టులో వెళ్తున్నాయి, డాలరుకు ఐదు. వంటిల్లు అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. ఈ వృత్తి ఆ తర్వాత కూడా వంటింటికి దూరంగా పోలేదు.

దానికి కారణం ఆ పదార్థంలోనే ఉంది. ప్లాస్టిసాల్ అంటే పీవీసీ పొడిని నూనెలాంటి మెత్తదనపు ద్రవంలో కలిపిన, పాలలా కనిపించే చిక్కటి మిశ్రమం. సుమారు 175 డిగ్రీల సెల్సియస్ వేడికి పాల తెలుపు పోయి పాకంలా తేటపడుతుంది. అచ్చులో పోసి చల్లారిస్తే పురుగు. ద్రవం మోతాదు పెంచితే మెత్తన, తగ్గిస్తే గట్టి. పాకం ముదిరితే మాత్రం ఘాటైన పొగ వచ్చి కళ్లూ గొంతూ మండుతాయి, రంగు మాడుతుంది. ఒక్క నీటిబొట్టు పడినా చిటపటలాడి మీదికి చిందుతుంది. అరిసెల పాకం పట్టినవాళ్లకు ఈ జాగ్రత్తలు వేరే చెప్పక్కర్లేదు. తేడా ఒక్కటే: ఈ పాకాన్ని మళ్లీ కరిగించవచ్చు. చిరిగిన పురుగును నిప్పుసెగ చూపించి అతికించవచ్చు. చెక్క ఎరతోనో లోహపు ఎరతోనో ఇలాంటి చనువు సాధ్యం కాదు. అగ్గిపుల్లకు లొంగే వస్తువు చేతిలో ఉంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు?

ఇక చేప సంగతి. లార్జ్‌మౌత్ బాస్ పేరుకు తగ్గట్టే పెద్దనోటిది. నాచు, మోళ్లు, మునిగిన కొమ్మల నీడన మాటువేసి ఉంటుంది. దగ్గరికొచ్చినదాన్ని కొరకదు. నోరు ఒక్కసారిగా తెరిచి నీటితో సహా లోపలికి పీల్చేస్తుంది. తేడా తెలిస్తే రెప్పపాటులో ఉమ్మేస్తుంది. గట్టి చెక్కను ఉమ్మినంత త్వరగా మెత్తటిదాన్ని ఉమ్మదు. గాలం వేసేవాడికి దొరికే ఆ ఒకటి రెండు క్షణాల కోసమే ఈ పరిశ్రమ అంతా. మన ఊళ్లలో వానపామును ఎర్ర అంటారు. గాలానికి గుచ్చితే అదే ఎర. క్రీమ్ దంపతులు చేసింది ఎర్ర ఆకారమున్న ఎర అన్నమాట.

తొలి రోజుల్లో ఆ పురుగులు కంపెనీ నుంచే ముస్తాబై వచ్చేవి. ఒంట్లో రెండు మూడు ముళ్లు, ముందు పూసలు, చిన్న పంకా. అమెరికా ఉత్తరాది చెరువుల్లో ఆ ఆడంబరం బాగానే చెల్లింది. దక్షిణాదికి వచ్చేసరికి చిక్కొచ్చి పడింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నదులకు అడ్డంగా ఆనకట్టలు వరసగా లేచాయి. టెక్సస్‌లో సామ్ రేబర్న్ జలాశయం లక్ష ఎకరాలు దాటింది. టెక్సస్, లూసియానా సరిహద్దున సబీన్ నది మీద కట్టిన టొలెడో బెండ్ అంతకంటే పెద్దది. రెండూ 1960లలోవే, అంటే ఇక్కడ నాగార్జునసాగర్ కడుతున్న కాలంలోవే. అడవుల్ని చాలామేరకు నరకకుండానే నీళ్లు నింపారు. చెట్లు చెట్లుగానే నిలబడి మునిగాయి. బాస్‌కు అంతకంటే మంచి ఇల్లు ఉండదు, గాలానికి అంతకంటే చెడ్డ చోటు ఉండదు. బయటికి పొడుచుకున్న ముల్లు విసిరిన ప్రతిసారీ ఏదో ఒక కొమ్మకు తగులుకునేది.

అప్పుడు తూర్పు టెక్సస్ వేటగాళ్లు కంపెనీ ముస్తాబంతా పీకి పారేశారు. ఒకే ఒక్క ముల్లు తీసుకున్నారు. పురుగు తల్లోంచి కాస్త దింపి, బయటికి లాగి, తిప్పి, మొనను మళ్లీ పురుగు ఒంట్లోనే దాచేశారు. ముందు తూటా ఆకారపు సీసం గుండు ఒకటి, దారం మీద జారేలా. ఇదే ‘టెక్సస్ రిగ్’. ముల్లు మొన చేప నోట్లో పడ్డాకే మెత్తటి ప్లాస్టిక్‌ను చీల్చుకుని బయటికొస్తుంది, అంతవరకు కొమ్మల మధ్య నుంచి పాములా జారిపోతుంది. దీన్ని మొదట కట్టింది మేమేనన్నవాళ్లు చాలామంది. తగువు తేలలేదు, తేలాల్సిన అవసరమూ కనిపించదు. నిక్ క్రీమ్ మాత్రం గాలి ఎటు వీస్తోందో గమనించి 1960 ప్రాంతంలో వ్యాపారాన్ని టెక్సస్‌లోని టైలర్ పట్టణానికి మార్చేశాడు.

ఆ సీసం గుండుకూ ఒక సవరణ ఉంది, వేటగాళ్ల తెలివికి అదే మంచి నమూనా. దట్టమైన నాచులో గుండు ముందుకు జారిపోయి పురుగు వెనకపడుతుంది. పరిష్కారం: పళ్లు కుట్టుకునే పుల్ల. గుండు రంధ్రంలోకి పుల్ల మొన దూర్చి, గట్టిగా నొక్కి, మిగతాది విరిచేయడం. పైసా ఖర్చు లేని ఈ పద్ధతి కొన్ని దశాబ్దాలు నడిచాక దుకాణాల్లో రబ్బరు బిరడాలు వెలిశాయి, అదే పని చేయడానికి, డబ్బు తీసుకుని.

1967 జూన్‌లో అలబామాకు చెందిన ఇన్సూరెన్స్ ఏజెంటు రే స్కాట్ ఆర్కన్సా రాష్ట్రంలోని బీవర్ లేక్‌లో ఒక పోటీ పెట్టాడు. 13 రాష్ట్రాల నుంచి 106 మంది వచ్చారు. మరుసటి ఏడాదే బాస్ వేటగాళ్ల సంఘం పుట్టింది, 1971లో నెవాడా ఎడారి పక్కన లేక్ మీడ్‌లో తొలి బాస్‌మాస్టర్ క్లాసిక్ జరిగింది. గెలిచిన బాబీ మరేకు 10,000 డాలర్లు. కాలక్షేపం జీవనోపాధి అయిందంటే రహస్యాలకు విలువొస్తుంది. ఇంతకుముందు ఇరుగుపొరుగుకు చూపించే చిట్కాను ఇప్పుడు పడవ అడుగున దాచిపెట్టడం మొదలైంది. పోటీ ముగిశాక దాపరికం పత్రికల్లోకి, పత్రికల నుంచి దుకాణాల్లోకి పాకేది.

1970లలో అందరికంటే రంగుల మనిషి టామ్ మన్. అలబామాలోని యుఫాలాలో వన్యప్రాణి రక్షణ ఉద్యోగి. ప్లాస్టిక్ పురుగులకు పళ్ల వాసన పట్టించి ‘జెల్లీ వర్మ్’ అన్నాడు. స్ట్రాబెర్రీ వాసన చేపకు నచ్చుతుందో లేదో ఎవరు చెప్పగలరు, కొనేవాడికి మాత్రం నచ్చింది. 1973లో ఆయన అలాంటి పురుగుతోనే పట్టిన ఒక బాస్‌ను వండుకోకుండా అక్వేరియంలో పెట్టి పెంచాడు. లీరాయ్ బ్రౌన్ అని పేరు. అది చనిపోతే వందలాది మంది జనంతో అంత్యక్రియలు జరిపి, చెక్కిన రాయి నిలబెట్టారు. ఆ రాయి యుఫాలా పట్టణంలో ఇప్పటికీ ఉంది. తోటి చేపల్ని పట్టించిన ఎరల వ్యాపారానికి అంతకు మించిన ప్రకటన దొరకదు.

అదే 1970ల మొదట్లో లూసియానాలోని మిస్టర్ ట్విస్టర్ కంపెనీ పురుగు తోకను పల్చటి కొడవలిలా వంచింది. లాగినప్పుడల్లా అది దానంతటదే రెపరెపలాడేది. పశ్చిమాన బాబీ గార్లండ్ ‘గిట్జిట్’ అనే బోలు గొట్టం ఎర తెచ్చాడు, కింద కుచ్చులతో. బోలు కనిపిస్తే మనిషి చెయ్యి ఊరుకోదు. గొట్టంలో నురుగు ముక్క పెట్టి తేల్చారు, గాజు గిలక పెట్టి మోగించారు, వాసన ముంచిన దూది కూరారు. అన్నిటికంటే విచిత్రమైనది కడుపుబ్బరానికి వేసుకునే ఆల్కా సెల్ట్‌జర్ బిళ్ల ముక్క. నీళ్లలో అది బుసబుసమని బుడగలు విడుస్తూ మునిగేది.

ఓక్లహోమాకు చెందిన జీన్ లారూ 1980లలో ప్లాస్టిక్‌లో ఉప్పు కలిపే పద్ధతికి పేటెంటు పొందాడు. ఉప్పు రుచికి చేప పురుగును ఇంకాస్త సేపు నోట్లో ఉంచుకుంటుందన్నది వాదన. దానితో పాటు ఇంకొకటి జరిగింది: ఉప్పు బరువుకు పురుగు విడిగా సీసం లేకుండానే మునగసాగింది. ఈ గుణాన్ని పరాకాష్ఠకు తీసుకెళ్లినవాడు హవాయిలో పుట్టిన గ్యారీ యమమోతో. 1990లలో వచ్చిన ఆయన ‘సెంకో’కు తోక లేదు, కాళ్లు లేవు, వంపు లేదు. బాల్‌పెన్నులా నున్నటి కడ్డీ. కానీ ఉప్పు బరువుతో అడ్డంగా మునిగేటప్పుడు రెండు కొసలూ సన్నగా వణుకుతాయి, అంతే. ఆ వణుకే చాలు.

ఉప్పు ఎక్కువైతే ప్లాస్టిక్ బలం తగ్గుతుంది. నడుముకు ముల్లు గుచ్చి వాడే ‘వాకీ’ పద్ధతిలో సెంకో ఒకటి రెండు చేపలకే చిరిగి ఊడిపోయేది. దాంతో వేటగాళ్లు ప్లంబింగు సామాను వైపు చూశారు. కుళాయిల్లో వేసే రబ్బరు రింగును పురుగు నడుముకు తొడిగి, ముల్లును దాని కిందికి దూర్చారు. ఇంకొందరు ఎలక్ట్రీషియన్లు తీగలకు తొడిగే, వేడికి ముడుచుకునే గొట్టం ముక్క వాడారు. జపాన్ వేటగాళ్లు ఒక కొసలో చిన్న మేకు దిగ్గొట్టి పురుగును తలకిందులుగా నిలబెట్టారు. అది ‘నెకో రిగ్’ అయింది. ఇవాళ ఆ రింగులకూ, మేకులకూ దుకాణంలో విడిగా ఒక అరే ఉంటుంది.

నెడ్ కేడీ బృందం కత్తిరించిన పురుగు మాత్రం వేరే జాతి. ఎలాజ్‌టెక్ అనే ఆ పదార్థం పీవీసీ కాదు, విపరీతంగా సాగుతుంది, నీళ్లపై తేలుతుంది. మామూలు ప్లాస్టిక్ పురుగుల పక్కన పెడితే రెండూ కలిసి కరిగి బంకగా మారిపోతాయి. కొత్తదానికంటే చేపలు కొరికి, సాగి, లోపలి ఉప్పు కరిగిపోయిన పాతదే మేలని కేడీ పదేపదే రాశాడు. ఉప్పు పోతే తేలికై తోక పైకి లేచి ఊగుతుంది. కొత్త చెప్పు కంటే అరిగిన చెప్పు కాలికి హాయిగా ఉన్నట్టు.

మన నీళ్లలో బాస్ లేదు. ఉన్నది తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను, అదీ మాటువేసి మింగే జాతే. గాలానికి బతికున్న కప్పను కట్టి కొర్రమీనును పట్టడం పాత పద్ధతి. ఇప్పుడు దక్షిణ భారతంలో కొందరు కుర్రాళ్లు రబ్బరు కప్పతో పట్టి వదిలేస్తున్నారు. బోలు కప్ప వెనక వేలాడే రబ్బరు కుచ్చు కాళ్లను కాస్త కురచగా కత్తిరిస్తే అది నీటి మీద కుడికీ ఎడమకూ చక్కగా తిరుగుతుంది. ఈ కత్తెర కిటుకు కూడా బాస్ వేటగాళ్లదే.

కత్తిరించిన ముక్కలు, చిరిగిన పురుగులు ఎక్కడికి పోతాయన్న ప్రశ్నను చాలాకాలం ఎవరూ అడగలేదు. చెరువులోకే పోయాయి. మింగిన చేప కడుపులో అరగకుండా ఉబ్బుతాయని గమనించాక ఆందోళన మొదలైంది. జపాన్‌లో ఫుజీ పర్వతం పక్కనున్న కవాగుచి సరస్సులో 2007లో ప్లాస్టిక్ పురుగుల వాడకాన్ని నిషేధించారు. అమెరికాలో మెయిన్ రాష్ట్ర శాసనసభ ముందుకు 2013లో అలాంటి బిల్లే వచ్చింది, గట్టి వ్యతిరేకత ఎదురై అధ్యయనం దగ్గర ఆగిపోయింది.

ఇంట్లో పురుగులు పోతపోసుకునేవాళ్లు మాత్రం ముక్కల్ని పడేయరు. పాత సీసాలోనో సంచిలోనో పోగుచేస్తారు: ఊదా, ఆకుపచ్చ, స్ట్రాబెర్రీ ఎరుపు, మెరుపు పొడి కలిపిన నీలం. ఏడాదికోసారి అన్నీ ఒకే గిన్నెలో వేసి కరిగిస్తారు. రంగులన్నీ కలిసి బురద గోధుమ రంగు తేలుతుంది. అచ్చులోంచి తీసి బల్లమీద ఆరబెడితే, దూరం నుంచి చూసేవాడికి వానకు తడిసి మట్టిలోంచి బయటికొచ్చిన మామూలు ఎర్రల్లానే కనిపిస్తాయి.