పరిశోధనలో మనవాళ్ల చేయి: మార్లవాయి నుంచి గడ్చిరోలి దాకా

ఆదివాసీ గూడేలకు పరిశోధకులు రావడం కొత్త కాదు. వస్తారు, అడుగుతారు, రాసుకుంటారు, వెళ్లిపోతారు. వాళ్లకు దారి చూపినవాళ్లు, మన భాషను వాళ్లకు విప్పి చెప్పినవాళ్లు, ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసినవాళ్లు మనవాళ్లే. పుస్తకం అట్ట మీద మాత్రం వాళ్ల పేర్లు కనిపించవు. అయినా గోండుల నేల మీద జరిగిన రెండు పరిశోధనలు ఊళ్లకు పనికివచ్చాయి. ఎలా పనికివచ్చాయో మనం తెలుసుకోవాలి.

మొదటిది మార్లవాయి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం ప్రభుత్వానికి అప్పుడు వచ్చింది. ఆ పని ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో నివాసం ఉండి గోండుల మధ్య పనిచేశాడు. రిజర్వు అడవి పేరుతో ఖాళీ చేయించిన ఊళ్లు, పట్టాలు లేని సాగు, షావుకార్ల పాలైన భూములు ఆయన రాతల్లోకి ఎక్కాయి.

కానీ నివేదిక ఒక్కటే ఊరిని మార్చదు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. కొద్దిగా అక్షరాలు వచ్చిన గోండు యువకులను పంతుళ్లుగా తయారుచేశారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. చదువు వచ్చినవాడు ఊళ్లోనే ఉంటే అధికారి కాగితంలో ఏముందో ఊరికి తెలుస్తుంది. ఆ కాలంలోనే వేల ఎకరాలకు ఆదివాసీల పేర పట్టాలు వచ్చాయి. 1987లో చనిపోయిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఏటా ఆ దంపతులను తలుచుకుంటున్నాం. తలుచుకోవాల్సిందే. మరి ఆ మొదటి గోండు పంతుళ్ల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

రెండోది ప్రాణహిత అవతల, గడ్చిరోలి. అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు 1980లలో అక్కడికి వచ్చారు. మొదట సికిల్ సెల్ జబ్బు మీద సర్వే చేశారు. అది మీ అవసరం, మా అవసరం కాదని ఆదివాసీలు చెప్పారు. ఆ మాట విన్నారు కాబట్టే తర్వాతి పని పసిపిల్లల చావుల మీదికి మళ్లింది.

39 ఊళ్లలో కొద్దిపాటి చదువున్న గ్రామ మహిళలకు శిక్షణ ఇచ్చారు. వాళ్లు బాలింతల ఇళ్లకు వెళ్లి బిడ్డను తూచారు, ఒళ్లు చల్లబడకుండా చూశారు, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టారు. ఒంట్లో విషం పాకే లక్షణాలు కనబడితే తల్లిదండ్రుల ఒప్పుదలతో సూది మందు ఇచ్చారు. చూసినదంతా రాసిపెట్టారు. 1993-95లో ఆ ఊళ్లలో వెయ్యి కాన్పులకు 62 మంది పసికందులు నెల తిరగకముందే చనిపోయేవారు. 1997-98 నాటికి ఆ సంఖ్య 25.5కు దిగింది. 1999లో 'లాన్సెట్' పత్రిక దీన్ని అచ్చువేసింది. పోలిక కోసం ఉంచిన 47 ఊళ్లకు ఈ సేవ అందలేదన్నదీ మరిచిపోకూడదు. పరిశోధన ఎవరి మీద జరిగినా ఆ ప్రశ్న అడగాలి.

2011లో ఈ పద్ధతి దేశమంతటికీ వచ్చింది. ఈ రోజు ఉట్నూరులోనైనా పాడేరులోనైనా ఆశా కార్యకర్త ఆసుపత్రి కాన్పు అయితే ఆరుసార్లు, ఇంటి కాన్పు అయితే ఏడుసార్లు బాలింత గడప తొక్కుతుంది. ఆ నడక వెనుక గడ్చిరోలి ఆడవాళ్ల కష్టం ఉంది.

అక్కడ లెక్క రాసిన మనిషే వైద్యం చేసింది. తను రాసిన అంకె తన ఊరి బిడ్డదని ఆమెకు తెలుసు. ఇప్పుడు ఆశాలు, అంగన్‌వాడీ టీచర్లు రాసే లెక్కలు పైకి పోతున్నాయి. వాటి నుంచి ఏం తేలిందో కిందికి చెప్పేవాళ్లు అరుదు. ఆశాకు దక్కేది జీతం కాదు, పారితోషికం.

కాబట్టి మనం అడగాల్సినవి ఉన్నాయి. గూడెంలో సర్వే జరిగితే దాని ఫలితాన్ని గ్రామసభలో మన భాషలో చదివి వినిపించాలి. లెక్క రాసిన కార్యకర్త పేరు నివేదికలో ఉండాలి. ఏ జబ్బు మీద, ఏ కష్టం మీద పరిశోధన జరగాలో ముందుగా ఊరిని అడగాలి. గడ్చిరోలిలో అడిగి, విన్నారు. మన దగ్గరా అది కావాలి.