పాత పెట్టె, కొత్త తాళం

మా ఇంట్లో ఓ పాత కంప్యూటర్ ఉంది. మా అత్తగారు చెప్పిన కబుర్లన్నీ అప్పట్లో అందులోనే టైపు చేసి దాచాను. ఆవిడ పోయి ఆరేళ్లయింది. మొన్న చదువుకుందామని తెరిస్తే తెలుగంతా పిచ్చిగీతలు! మధ్యలో రిపేరుకిచ్చినప్పుడు ఫాంటు కాస్తా ఎగిరిపోయిందిట. సరే, డౌన్‌లోడ్ చేద్దామంటే, సురక్షితంగా కలపడం కుదరదంటూ మొండికేసింది.

"దానికి కాలం చెల్లిందమ్మా, పారేద్దాం" అన్నాడు మావాడు.

బి.ఎ.లో చరిత్ర చదివిన బుద్ధి ఊరుకుంటుందా! అసలు సంగతేమిటో ఆరా తీశాను.

ఇంటర్నెట్‌లో మన మాటలు దారిలో ఎవరూ చదవకుండా రహస్యలిపిలో పంపుతారు. ఏ లిపిలో మాట్లాడుకోవాలో రెండు యంత్రాలూ ముందే ఒప్పందానికి రావాలి, పెళ్లి మాటల్లో పెద్దల్లాగా. 1995లో నెట్‌స్కేప్ అనే అమెరికా కంపెనీ ఎస్సెస్సెల్ అనే పద్ధతిని జనంలోకి తెచ్చింది. 1999లో దాని వారసురాలు టీఎల్ఎస్ పుట్టింది. పాత లోపాలు దిద్దుకుంటూ 2006లో 1.1, 2008లో 1.2, 2018లో 1.3 వచ్చాయి. 2014లో పరిశోధకులు పాత ఎస్సెస్సెల్ తాళం ఊడదీసే ఉపాయాన్ని బయటపెట్టారు. దానికి 'పూడిల్' అని బొచ్చుకుక్క పేరు! 2021లో టీఎల్ఎస్ మొదటి రెండు రకాలనూ ఇక వాడొద్దని ఇంటర్నెట్ ప్రమాణాలు నిర్ణయించే ఐఈటీఎఫ్ ప్రకటించింది.

మా ముసలి యంత్రానికి ఆ పాత భాషే వచ్చు. అవతలివాళ్లు కొత్తదే కావాలంటారు. ఒప్పందం కుదరదు, ఫైలు రాదు. అంతే, రోగమేమీ లేదు!

మొదట కోపమొచ్చింది. కానీ మీరే చెప్పండి, దొంగ చేతికి చిక్కిన తాళాన్నే మన బ్యాంకుకీ వేస్తే ఒప్పుకుంటామా? తలుపు మూసింది దొంగల కోసం. పాపం, ముసలివాళ్లూ బయటే నిలబడిపోయారు.

చివరికి మావాడే కొత్త కంప్యూటర్లో ఫాంటు దించి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించాడు. అక్షరాలు ఒక్కొక్కటే కుదురుకున్నాయి. "1953 గోదావరి వరదలకి ముందే నన్ను కాపురానికి తెచ్చారు..." ఆవిడ పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంది. మావాడు కూడా కుర్చీ లాక్కున్నాడు.

ఆ రాత్రే అన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చి, రెండుచోట్ల దాచాను. పాతదానికి ఇంటర్నెట్ తీగ పీకేశాను. పట్టుచీరలకి ఏడాదికోసారి మడతలు మారుస్తాం కదా. లేకపోతే మడత దగ్గరే చిరుగుతాయి. జ్ఞాపకాలూ అంతేనండీ!