కోరికకు చెల్లించే మూల్యం: మిఖాయెల్ ఎండె నవల, 1984 నాటి చలనచిత్రం

1. ప్రవేశిక

నవల చలనచిత్రంగా మారినప్పుడు పాఠకులకు కలిగే ఆశాభంగాన్ని సాధారణంగా వదిలేసిన సన్నివేశాల పట్టికగానే పరిగణిస్తాం. నిడివి పరిమితి వల్ల కొంత వదలక తప్పదు కనుక ఆ ఫిర్యాదును తేలికగా తోసిపుచ్చుతాం కూడా. జర్మన్ రచయిత మిఖాయెల్ ఎండె (1929-1995) ఉదంతం ఇందుకు భిన్నమైనది. ఆయన అసంతృప్తికి మూలం సన్నివేశాల తొలగింపు కన్నా లోతైనదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నవల నిర్మాణం

‘ముగియని కథ’ అని తెలుగులో చెప్పదగిన ఎండె నవలను 1979లో స్టుట్‌గార్ట్‌లోని థీనెమాన్ సంస్థ ప్రచురించింది. వాస్తవ ప్రపంచాన్ని ఒక రంగులోను, ఫాంటాసియెన్ అనే అద్భుత లోకాన్ని మరొక రంగులోను ముద్రించారు. 26 అధ్యాయాలూ అక్షరమాల క్రమంలో మొదలవుతాయి.

తల్లిని కోల్పోయిన బాస్టియన్ అనే బాలుడు పాఠశాల అటక మీద దాక్కొని ఒక పుస్తకం చదువుతాడు. శూన్యం మింగేస్తున్న ఆ లోకపు బాల సామ్రాజ్ఞికి కొత్త పేరు పెట్టి దానిని కాపాడతాడు. ఇది దాదాపు నవలలో సగం మాత్రమే. రెండవ సగంలో బాస్టియన్ స్వయంగా ఆ లోకంలో ఉంటాడు. ఔరిన్ అనే పతకం అతని ప్రతి కోరికనూ తీరుస్తుంది. ప్రతిఫలంగా ఒక్కొక్క జ్ఞాపకాన్ని తీసుకుంటుంది. అధికార దాహంతో అతడు ఆప్తమిత్రుడైన అత్రేయు మీదనే కత్తి దూస్తాడు. చివరకు జీవజలాన్ని తాగి, దుఃఖంతో గడ్డకట్టిన తండ్రి వద్దకు తిరిగి వస్తాడు.

3. చలనచిత్రం, వివాదం

వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ దర్శకత్వంలో, ప్రధానంగా మ్యూనిక్‌లోని బవారియా స్టూడియోలలో, ఆంగ్లంలో నిర్మించిన చిత్రం 1984లో విడుదలైంది. నిర్మాణం ఆపాలని, లేదా చిత్రం పేరు మార్చాలని ఎండె కోరారు. నిర్మాతలు అంగీకరించకపోవడంతో న్యాయస్థానాన్ని ఆశ్రయించి ఓడిపోయారు.

చిత్రం మొదటి సగంతోనే ఆగిపోయింది. అంతకన్నా ముఖ్యమైనది దాని ముగింపు. బాస్టియన్ డ్రాగన్ మీద నగరం పైకి ఎగిరివచ్చి, తనను వేధించిన బాలురను తరిమి చెత్తకుండీలోకి దూకేలా చేస్తాడు. నవలలో కోరిక ఒక పరీక్ష. చిత్రంలో అది బహుమానం. నవలలో ప్రయాణం తండ్రి వద్ద ముగుస్తుంది. చిత్రంలో తండ్రి ప్రారంభ సన్నివేశం తరువాత మళ్లీ కనిపించడు.

సింహికల ద్వారం మరొక ఉదాహరణ. నవలలో అవి ఎవరిని పోనిస్తాయో, ఎవరిని ఆపుతాయో ఎవరికీ అంతుపట్టదు. చిత్రంలో ఆత్మవిశ్వాసం లేనివారిని అవి కాంతికిరణాలతో దహిస్తాయి. అంతుచిక్కని రహస్యం ఒక సులభమైన నీతిగా కుదించుకుపోయింది.

1990లో వచ్చిన రెండవ చిత్రం జ్ఞాపకాలు పోవడమనే అంశాన్ని స్వీకరించింది. కానీ అక్కడ జ్ఞాపకాలను హరించేది మాంత్రికురాలి యంత్రం. నవలలో కోరిక స్వభావంలోనే ఉన్న మూల్యం ఇక్కడ ప్రతినాయిక కుట్ర అయింది. బాధ్యత బాలుని నుంచి బయటకు జరిగింది.

4. చారిత్రక సందర్భం

ఎండె తండ్రి ఎడ్గార్ అధివాస్తవిక చిత్రకారుడు. నాజీ ప్రభుత్వం ఆయన చిత్రాలను నిషేధించింది. ఆ ఇంట్లో పెరిగిన రచయితకు కల్పన కాలక్షేపం కాదు. శూన్యంలో పడిన కాల్పనిక జీవులు మానవ ప్రపంచంలో అబద్ధాలుగా మారి, అధికారానికి సాధనాలవుతాయని నవలలో గ్మోర్క్ అనే తోడేలు వివరిస్తుంది. కల్పనకు రక్షించే శక్తితోపాటు మోసగించే శక్తి కూడా ఉందన్న ఈ హెచ్చరికను రెండవ సగం బాస్టియన్ పతనం ద్వారా చూపిస్తుంది. ఆ సగం లేనప్పుడు హెచ్చరిక పోయి, కల్పనను పొగడడం మాత్రమే మిగులుతుంది.

5. ముగింపు

ఈ చిత్రాన్ని ప్రేమించిన ప్రేక్షకులు అనేక దేశాలలో ఉన్నారు; వారి ఆనందం అబద్ధం కాదు. ఎందరో దానిద్వారానే నవలను చేరి ఉంటారు. అయినా రచయిత ఆశాభంగాన్ని అహంకారంగా కొట్టివేయలేం. అనుసరణను అంచనా వేయడానికి ఎంత మిగిలిందన్న ప్రశ్న చాలదు. మూలకృతిలో పాత్ర చెల్లించిన మూల్యాన్ని కొత్త రూపంలో ఎవరు చెల్లిస్తున్నారని కూడా అడగాలి. ఎవరూ చెల్లించనప్పుడు కథ పేరు మిగులుతుంది గాని, కథ మిగలదు.