గబ్బిలానికి ఉత్తరం తెలుసా?

కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపినట్టే, 1941లో వెలువడిన జాషువాగారి ‘గబ్బిలం’లో ఒక అంటరాని పేదవాడు గబ్బిలాన్ని కైలాసానికి పంపాడు. గుడిలో తలక్రిందులుగా వ్రేలాడే ఆ జీవిని శివుని సన్నిధిలో అడ్డగించేవారు లేరు గనుక. దక్షిణదేశం నుంచి కైలాసమంటే ఉత్తరంగా బహుదూరం. చీకట్లో తిరిగే ఈ చిన్న ప్రాణికి ఆ దిక్కెలా తెలియాలి? కవిని అడగవలసిన ప్రశ్న కాదు గాని, శాస్త్రజ్ఞులు అడిగారు.

కళ్లు పోయిన గబ్బిలాలు కూడా అడ్డంకులు తప్పించుకొని ఎగరడం 1793లో ఇటలీలో స్పల్లాంజని గమనించాడు. మరుసటి ఏడు జెనీవాలో జురిన్ వాటి చెవులు మూసి చూస్తే దారి తప్పి కొట్టుకొన్నాయి. మనకు వినబడని కూతలు అవి కూస్తాయని 1938లో అమెరికాలో గ్రిఫిన్, పియర్స్ కనుగొన్నారు. అయితే కూత ప్రతిధ్వని కొద్ది గజాల మేరకే దారి చూపుతుంది. కోసుల దూరం పోయి గూటికి మరలడానికి అది చాలదు.

జవాబు మొదట ఎలుకల దగ్గర దొరికింది. నేలలో సొరంగాలు తవ్వుకొని బ్రతికే జాంబియా ఎలుకలు గుండ్రని తొట్టిలోనూ ఆగ్నేయ దిక్కునే గూడు కట్టాయి. తీగచుట్టలతో అయస్కాంత క్షేత్రాన్ని త్రిప్పితే గూడూ ఆ ప్రకారమే జరిగింది. బుర్దా, ఆయన సహచరులు 1990లో ఈ సంగతి ప్రకటించారు. 2006లో హాలండ్ బృందం అమెరికా గబ్బిలాలను గూటికి ఉత్తరాన 20 కిలోమీటర్ల దూరాన విడిచింది. మామూలువి దక్షిణంగా ఎగిరాయి. సూర్యాస్తమయ వేళ 90 డిగ్రీలు మళ్లించిన క్షేత్రంలో ఉంచినవి, త్రిప్పిన వైపును బట్టి, కొన్ని తూర్పుకు, కొన్ని పడమరకు పోయాయి. అస్తమయపు వెలుగుతో అవి తమ లోపలి దిక్సూచిని సరిచూసుకొంటాయని తేలింది. ఆ దిక్సూచి శరీరంలో ఎక్కడున్నదో నేటికీ తేలలేదు. సూదంటురాయి రేణువులే కారణమని పలువురి ఊహ.

ఇందులో మన సీమకొక ప్రత్యేకత ఉంది. సూదంటు ముల్లు ఏ వాలూ లేకుండా సమతలంగా నిలిచే అయస్కాంత భూమధ్యరేఖ దక్షిణ భారతం కొసన, తిరునెల్వేలి సీమకు చేరువగా పోతుంది. మదురై సీమలోనూ ఆ వాలు స్వల్పమే. వాడిపట్టికి పడమరగా పళని కొండల్లో, 1899లో నెలకొన్న కొడైకెనాల్ వేధశాలలో ఈ భూ అయస్కాంతాన్ని ఏళ్ల తరబడి కొలిచారు. యూరోపు రాబిన్ పిట్ట దిక్కును గ్రహించేది ఈ వాలును బట్టేనని 1972లో విల్ట్‌ష్కో దంపతులు చూపారు. వాలే లేనిచోట అలాంటి దిక్సూచి పనిచేయదు. జాంబియా ఎలుకలూ, 2007లో చైనాలో పరీక్షించిన గబ్బిలాలూ వాలుతో నిమిత్తం లేకుండా ఉత్తర దక్షిణాలనే నేరుగా ఎరుగుతాయి. అలాంటి దిక్సూచి ఇక్కడా పనికివస్తుంది.

దిక్కు సంగతి అటుంచి, వేళ సంగతి తేల్చింది మదురైయే. 1975లో ఇక్కడి విశ్వవిద్యాలయానికి వచ్చిన ఎం.కె. చంద్రశేఖరన్, శిష్యులు మారిముత్తు, సుబ్బరాజ్‌లతో కలిసి సమీపపు కొండగుహలో గబ్బిలాలను పరిశీలించారు. పగలూ రాత్రీ తెలియని చీకటిలో ఒంటరిగా ఉంచిన గబ్బిలం లోపలి గడియారం రోజురోజుకూ కొంత తప్పుతూ పోయింది. తనవాళ్లు వచ్చిపోయే గుహలో బంధించిన గబ్బిలానికి మాత్రం వేళ తప్పలేదు. వెలుగు చూడకపోయినా, తోటివారి రాకపోకలే దానికి పొద్దు తెలిపాయి.

పురుగులను తిని పంటను కాచే ఈ జీవులకు గుహలూ, పాత మండపాలూ ఇళ్లు. 1972 వన్యప్రాణి చట్టం పండ్లు తినే గబ్బిలాలను హానికరమైన జంతువుల పట్టికలో చేర్చింది. 2022 సవరణతో ఆ పట్టికే పోయింది. చట్టం మారినా కొండను పగలగొడితే గూడు మిగలదు.

1529లో మొదలైన నాయకరాజుల ఏలుబడి నాటి నుంచి ఈ సీమలో తెలుగు వినబడుతూనే ఉంది. బడిలో తెలుగు లేక, ఇంట్లో మాత్రమే మాట్లాడే మన పిల్లలకు ఆ గుహలోని ప్రయోగం వివరించి చెప్పాలి. తోటివారి అలికిడి ఎంత అవసరమో వారికి వేరే చెప్పనక్కరలేదు.