భూమిని చుట్టి వచ్చు దారులు

ఒకనాడు తాడేపల్లిగూడెములో తరగతి ముగిసిన పిదప ఒక విద్యార్థి వార్తాపత్రిక ముక్క ఒకటి తెచ్చి నా బల్లమీద ఉంచెను. ఓడలో ప్రపంచమును చుట్టి వచ్చు యాత్రలను గురించిన ప్రకటన అది. అందులో రెండు యాత్రలు కలవు. ఒకటి పడమరకు పోవును, రెండవది తూర్పునకు పోవును. "ఈ రెండింటిలో ఏది మంచిది మాష్టారూ?" అని అతడు అడిగెను.

ఆ టిక్కెట్టు కొనగల స్తోమతు అతనికిని లేదు, నాకును లేదు. అయినను ప్రశ్న చాల చక్కనిది. భూమి గుండ్రముగా ఉన్నప్పుడు ఎటు పోయినను బయలుదేరిన చోటికే వత్తుము గదా, ఇక ఎంచుకొనుటకు ఏమున్నది? సుమారు 500 సంవత్సరములుగా నావికులు ఈ ఎంపికతోనే తల పట్టుకొనుచున్నారు. వారు ఏ దారిని ఎందువలన ఎంచుకొనిరో తెలిసినచో మా విద్యార్థికి సమాధానము దానంతట అదే దొరకును.

చుట్టి వచ్చుట అననేమి?

మొదట ఒక చిన్న ప్రయోగము. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చేయించవచ్చును. ఒక గ్లోబు, ఒక దారము ఉన్న చాలును. దారమును భూమధ్యరేఖ వెంట ఒక చుట్టు చుట్టి కొలువుడు. తరువాత 60 డిగ్రీల దక్షిణ అక్షాంశము వెంట చుట్టి కొలువుడు. రెండవ దారము మొదటి దానిలో సరిగా సగము మాత్రమే ఉండును.

సముద్రముమీద దూరమును నాటికల్ మైళ్లలో కొలుతురు. భూమి చుట్టుకొలతను 360 డిగ్రీలుగను, ఒక్కొక్క డిగ్రీని 60 నిమిషములుగను భాగించినచో ఒక నిమిషమునకు వచ్చు దూరమే నాటికల్ మైలు. అది 1,852 మీటర్లు. కావున భూమధ్యరేఖ వెంట ఒక చుట్టు 360ని 60తో హెచ్చించగా వచ్చిన 21,600 మైళ్లు. మన తాడేపల్లిగూడెము అక్షాంశము వెంట సుమారు 20,700 మైళ్లు. 50 డిగ్రీల దక్షిణమున సుమారు 13,900 మైళ్లు. ధ్రువమువద్దనైతే, నిలుచున్న చోటనే ఒక్కసారి గిర్రున తిరిగినచో అన్ని రేఖాంశములును దాటినట్లే!

అందుచేత ఎవరు పడితే వారు ప్రపంచమును చుట్టి వచ్చితిమని చెప్పుకొనకుండ తెరచాప నావికులు కొన్ని నియమములు పెట్టుకొనిరి. బయలుదేరిన రేవునకే తిరిగి రావలెను. రేఖాంశములన్నింటిని దాటవలెను. భూమధ్యరేఖను దాటి, మరల దాటి రావలెను. ప్రయాణము మొత్తము 21,600 మైళ్లకు తగ్గరాదు. ఈ నాలుగు గీటురాళ్లను జ్ఞాపకముంచుకొందము.

గాలి చూపిన దారి

1519 సెప్టెంబరు 20వ తేదీన మాగెల్లన్ నాయకత్వమున అయిదు ఓడలు స్పెయిను దేశము విడిచి పడమరకు సాగినవి. దక్షిణ అమెరికా కొననున్న జలసంధిని దాటి పసిఫిక్ మహాసముద్రమున ప్రవేశించినవి. 1521లో ఫిలిప్పైన్ దీవులలో మాగెల్లన్ పోరాటమున మరణించెను. మిగిలిన వారిలో ఎల్కానో అనునతడు 'విక్టోరియా' అను ఒక్క ఓడతో 1522 సెప్టెంబరు 6వ తేదీన స్వదేశము చేరెను. ఆ ఓడమీద ఉన్నవారు 18 మంది.

వారు పడమరకు పోవుటకు రాజకీయ కారణములు కలవు. ఆఫ్రికా చుట్టి తూర్పునకు పోవు దారి పోర్చుగీసువారి చేతిలో నుండెను. అయితే పసిఫిక్‌లో వారిని ఒడ్డు చేర్చినది గాలి. భూమధ్యరేఖకు ఇరుప్రక్కల ఉష్ణమండలములో వాణిజ్య పవనములు తూర్పు నుండి పడమరకు వీచును. తెరచాప ఎత్తినచో ఓడ పడమరకు తనంత తానే సాగును. 40 డిగ్రీల దక్షిణమునకు దిగినచో కథ తలక్రిందులగును. అచట పశ్చిమ పవనములు పడమర నుండి తూర్పునకు వీచును. వాటికి అడ్డుపడుటకు భూభాగము మిక్కిలి స్వల్పము. అందుచేత గాలి, అల రెండును బలము పుంజుకొని భూమిని చుట్టుచుండును. భూమి తన చుట్టు తాను తిరుగుటచేతనే ఈ గాలులు తిన్నగా ఉత్తర దక్షిణములుగా వీచక ప్రక్కకు మళ్లును.

కావున తెరచాప ఓడకు దిక్కును ఎంచుకొనునది నావికుడు కాడు. ఉష్ణమండలపు దారిని ఎంచుకొన్నవాడు పడమరకును, దక్షిణ సముద్రపు దారిని ఎంచుకొన్నవాడు తూర్పునకును పోవలసినదే.

విక్టోరియా తిరుగు ప్రయాణములో మరియొక వింత జరిగినది. 1522 జూలైలో కేప్ వర్డ్ దీవులవద్ద ఆగినప్పుడు ఓడలోని దినచర్య పుస్తకము ప్రకారము ఆనాడు బుధవారము. ఒడ్డున ఉన్నవారు గురువారమనిరి. పుస్తకము ఒక్కరోజైనను తప్పక వ్రాసినదే. మరి ఒక రోజు ఎక్కడికి పోయినది?

సమాధానము మన ఇంటివద్దనే ఉన్నది. మన దేశపు ప్రామాణిక కాలము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమునకు చెందినది. ఆ రేఖ కాకినాడ సమీపముగా పోవును. తాడేపల్లిగూడెము దానికి సుమారు ఒక డిగ్రీ పడమరగా ఉన్నది. అందుచేత సూర్యుడు మన నడినెత్తికి సుమారు 4 నిమిషములు ఆలస్యముగా వచ్చును. ఒక డిగ్రీకి 4 నిమిషములైనచో 360 డిగ్రీలకు 1,440 నిమిషములు, అనగా సరిగా 24 గంటలు. పడమరకు పోవువాడు సూర్యుని వెంటబడి పోవును గనుక అతని దినములు కొంచెము సాగును. చుట్టు పూర్తియగునప్పటికి అతడు ఒక సూర్యోదయము తక్కువగా చూచును. తూర్పునకు పోవువాడు ఒకటి ఎక్కువగా చూచును. ఈ లెక్కను సరిచేయుటకే నేడు పసిఫిక్ నడుమ అంతర్జాతీయ దినరేఖను గీసికొన్నాము.

కాలువలు తెచ్చిన మార్పు

గాలి పెత్తనము 19వ శతాబ్దములో సడలినది. ఆవిరి ఓడలు వచ్చినవి. 1869లో రెండు గొప్ప సంఘటనలు జరిగినవి. మే నెలలో అమెరికాను అడ్డముగా దాటు రైలుమార్గము పూర్తియైనది. నవంబరులో సూయజ్ కాలువ తెరువబడినది. లండన్ నుండి బొంబాయికి ఆఫ్రికాను చుట్టి వచ్చినచో పదివేలకు పైబడిన నాటికల్ మైళ్లు. సూయజ్ మీదుగా ఆరువేల పైచిలుకు మాత్రమే.

ఈ సదుపాయములను చూచియే 1872లో థామస్ కుక్ కొలదిమంది యాత్రికులను వెంటబెట్టుకొని ప్రపంచయాత్రకు బయలుదేరెను. వారు అమెరికా, జపాన్, చైనాలను చూచి, మన దేశము మీదుగా సాగి, 222 రోజులలో యాత్ర ముగించిరి. ప్రపంచమును చుట్టుట సాహసికుని పని మాత్రమే కాక టిక్కెట్టుతో కొనదగిన సరకైనది.

అయినను ఒకే ఓడలో సుఖముగా చుట్టి వచ్చుటకు ఒక ఆటంకము మిగిలియుండెను. 1909లో 'క్లీవ్‌లాండ్' అను ఓడ న్యూయార్కులో ప్రయాణికులను ఎక్కించుకొని, సూయజ్ మీదుగా ఆసియాను చుట్టి శాన్‌ఫ్రాన్సిస్కోలో దింపెను. మిగిలిన దారి రైలులోనే. 1914 ఆగస్టు 15వ తేదీన పనామా కాలువ తెరువబడుటతో ఆ ఆటంకము తొలగినది. 1922-23లో 'లకోనియా' అను ఓడ 130 రోజులలో 22 రేవులను దర్శించుచు ప్రపంచమును చుట్టినది. నేటి ప్రపంచయాత్రా నౌకలన్నింటికి ఇదియే మాతృక.

పనామా కాలువ పనిచేయు విధము మన ప్రాంతమువారికి చెప్పనవసరము లేదు. ఏలూరు కాలువమీద లాకులను చూచినవారికి అది సులభముగా బోధపడును. తలుపులు మూసి నీరు నింపినచో పడవ పైకి లేచును, నీరు వదలినచో క్రిందికి దిగును. పనామా లాకులు పెద్ద ఓడలను సుమారు 26 మీటర్లు పైకెత్తి గాటున్ అను మంచినీటి సరస్సులో విడుచును. సూయజ్‌లో లాకులు లేవు, అది సముద్రమట్టమున పోవును. ఈ భేదము చిన్నది కాదు. ప్రతి ఓడ దాటినప్పుడును గాటున్ సరస్సు నీరు సముద్రము పాలగును. 2023లో అచట వర్షములు తగ్గి సరస్సు మట్టము పడిపోగా, దాటు ఓడల సంఖ్యను తగ్గించవలసి వచ్చెను. వాన కురియకున్న మన కాలువలు దిగాలుపడినట్లే ప్రపంచపు రాకపోకలును దిగాలుపడినవి. సూయజ్‌కు వానతో పని లేదు గాని యుద్ధములతో కలదు. 1967 నుండి 1975 వరకు అది మూతబడినది. 2024లో ఎర్ర సముద్రమున ఓడలపై దాడుల మూలమున కొన్ని ప్రపంచయాత్రా నౌకలు ఆఫ్రికాను చుట్టి పోయినవి.

మన నావికుల రెండు ఎంపికలు

ఈ రెండు దారులను పోల్చుటకు దూరపు ఉదాహరణములు అక్కరలేదు. భారత నౌకాదళము వారు రెండింటిని చేసి చూపిరి.

'తరంగిణి' అను శిక్షణ నౌక 2003 జనవరిలో కొచ్చి నుండి బయలుదేరి 2004 ఏప్రిల్‌లో తిరిగి వచ్చినది. అది కాలువల దారిని పట్టినది. అనేక దేశముల రేవులను చూచినది, సుమారు 15 నెలలు తీసికొన్నది. యువ నావికులకు లోకము చూపుట, స్నేహము పెంచుట దాని లక్ష్యము. ఆ లక్ష్యమునకు ఆ దారియే తగినది.

'తారిణి' సుమారు 17 మీటర్ల పొడవుగల చిన్న తెరచాప నౌక. గోవాలో నిర్మింపబడినది. 2017 సెప్టెంబరు 10వ తేదీన ఆరుగురు మహిళా అధికారులు దానిలో గోవా నుండి బయలుదేరిరి. నాయకురాలు వర్తికా జోషి. ఆరుగురిలో ఇద్దరు మన తెలుగువారు. విశాఖపట్నమునకు చెందిన పాతర్లపల్లి స్వాతి ఒకరు, హైదరాబాదునకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య మరియొకరు. వారు కాలువలను ముట్టలేదు. ఆస్ట్రేలియాలో ఫ్రిమాంటిల్, న్యూజీలాండులో లిటిల్టన్, ఫాక్‌లాండ్ దీవులలో పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ రేవులలో ఆగుచు, దక్షిణపు మహా అగ్రములైన లూవిన్, హార్న్, గుడ్‌హోప్‌లను దాటిరి.

బయలుదేరిన నెలను గమనింపుడు. సెప్టెంబరులో నైరుతి ఋతుపవనముల ఉద్ధృతి తగ్గును. అప్పుడు బయలుదేరినచో హార్న్ అగ్రము చేరునప్పటికి జనవరి వచ్చును. అది దక్షిణార్ధగోళమున వేసవి. ఆ ప్రకారమే 2018 జనవరి 19వ తేదీన వారు హార్న్ అగ్రమును దాటిరి. వేసవియైనను పసిఫిక్ వారిని ఊరక విడువలేదు. లిటిల్టన్ నుండి పోర్ట్ స్టాన్లీ వరకు 41 రోజులు పట్టినది. ఒక తుపానులో గాలి వేగము 60 నాట్లు, అనగా గంటకు సుమారు 110 కిలోమీటర్ల వరకు పోయినది. శీతకాలమున ఇదే చోటునకు చేరియుండినచో ఏమగునో ఊహింపవచ్చును.

254 రోజులలో 21,600 మైళ్లు పూర్తి చేసి 2018 మే 21వ తేదీన వారు గోవా చేరిరి. తూర్పునకు పోయినందున ఇంటివద్దనున్న వారికంటె ఒక సూర్యోదయమును అధికముగా చూచి వచ్చిరి. ఇదే నౌకలో 2024 అక్టోబరు నుండి 2025 మే వరకు దిల్నా, రూప అను ఇద్దరు అధికారిణులు మరల ప్రపంచమును చుట్టి వచ్చిరి. వారును ఈ దారినే ఎంచుకొనిరి.

ఎంపిక లేని ప్రయాణములు

తారిణి తిరుగు దారిలో చుక్కాని పరికరము చెడుటచే మారిషస్‌లో ఆగవలసి వచ్చినది. ఆ దీవిలో తెలుగు కుటుంబములు చాల కలవు. 1830 తరువాతి దశాబ్దములలో గోదావరి ముఖమునందలి కోరంగి రేవు నుండి చెరకు తోటలలో పనికై ఓడలెక్కిపోయినవారి సంతతి వారిలో కలరు. ఆ ఓడలెక్కినవారు దారులను పోల్చి చూడలేదు. ఏ ఋతువులో బయలుదేరవలెను, ఎన్ని దినములు పట్టును, తిరిగి వచ్చుట ఎట్లు అను ప్రశ్నలు వారు అడుగలేదు, అడిగినను చెప్పువారు లేరు. మ్యాపును చదువ నేర్చుట ఎంత స్వాతంత్ర్యమో ఈ సంగతి మనకు తెలుపును. విశాఖపట్నపు యువతి ఒకతె చుక్కాని పట్టి అదే దీవిలో ఆగినదనిన, నడుమ గడచిన కాలములో మనము నేర్చినది కొంత ఉన్నదన్నమాట.

మా విద్యార్థికి సమాధానము

ఇప్పుడు ప్రకటనను మరల చేతికి తీసికొందము. ఏది మంచిది అని అడుగుటకు ముందు అయిదు ప్రశ్నలు వేయవలెను. ఓడ బయలుదేరిన రేవునకే వచ్చునా, రేఖాంశములన్నియు దాటునా? కొన్ని యాత్రలు పేరునకు మాత్రమే ప్రపంచయాత్రలు, నడుమ కొంత దారి విమానమున పోవును. ఎటు పోవును? పడమరకు పోవు ఓడలో అప్పుడప్పుడు 25 గంటల దినము వచ్చును, ఒక గంట అధికముగా నిద్రపోవచ్చును. తూర్పునకు పోవు ఓడలో ఆ గంట పోవును. ఏ నెలలో ఏ సముద్రమున ఉండును? కాలువల మీదుగనా, అగ్రముల మీదుగనా? చివరకు, రేవులలో ఎన్ని దినములు, నీటిమీద ఎన్ని దినములు? గంటకు 20 మైళ్లు పోవు ఓడ ఆగకుండ సాగినచో 45 రోజులలో 21,600 మైళ్లు పూర్తి చేయును. మూడు నాలుగు నెలల యాత్రలో మిగిలిన కాలమేమగుచున్నదో లెక్క చూచుకొనవలెను.

విద్యార్థి గ్లోబుమీద దారము పెట్టి రెండు దారులను కొలిచెను. చాలసేపు ఆలోచించి, "సుఖమునకైతే పడమరదే మంచిది మాష్టారూ. కాని నన్ను ఎంచుకొమ్మన్నచో తారిణి దారి ఎంచుకొందును" అనెను. అందుకు టిక్కెట్టు దొరకదని, తెరచాప కట్టుట నేర్వవలెనని చెప్పితిని.

కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండా బంగాళాఖాతము చేరును. అచటి నుండి అన్ని సముద్రములకును దారి ఉన్నది. ఏ దారి పట్టవలెనో తెలిసికొనుటకు గ్లోబు, దారము, కొంత గణితము చాలును. ఈ మూడును మన పాఠశాలలన్నింటిలో కలవు.